పిచికారీ డ్రోన్: ఉరవకొండ పొలాల్లో ఏళ్ల తరబడి వాడాక

అనంతపురం జిల్లా ఉరవకొండ చుట్టుపక్కల పొలాల్లో, పది లీటర్ల ట్యాంకు, ఆరు మోటార్లు ఉన్న పిచికారీ డ్రోన్‌ను కొన్నేళ్లుగా నడుపుతున్నాను. కందికి, పప్పుశనగకు ఇది ఎంతో మేలైన యంత్రం; చీనీ (బత్తాయి) తోటకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను.

పూతకు వచ్చిన కంది మనిషి ఎత్తు దాటుతుంది. వీపున పంపు తగిలించుకుని ఆ సాళ్లలో నడిచే కూలీ ముఖం మీదే మందు పడుతుంది. పైగా వాన పడిన నల్లరేగడిలో కాలు దిగబడి రెండు మూడు రోజులు చేలోకి పోలేము. కాయతొలుచు పురుగు మాత్రం అంతవరకు ఆగదు. అటువంటప్పుడు గట్టు మీద నిలబడి, వీపు పంపుకైతే 150 నుంచి 200 లీటర్ల నీరు పట్టే ఎకరాన్ని పది లీటర్లతో, పది నిమిషాల లోపే ముగించగలుగుతున్నాము. పంటకు రెండు మీటర్ల ఎత్తున పోనిస్తే రెక్కల గాలికి ఆకులు తిరగబడి అడుగు భాగానికీ కొంత మందు చేరుతుంది. చీనీ చెట్టు గుబురులోకి ఆ గాలి చొరబడదు. పైకొమ్మలు తడుస్తాయి, లోపలివి పొడిగానే ఉంటాయి.

అసలు కష్టమంతా బ్యాటరీలతోనే. నిండు ట్యాంకుతో పది, పన్నెండు నిమిషాలకు మించి ఎగరదు. ఎండ ముదిరిన రోజుల్లో దిగిన వెంటనే బ్యాటరీని తాకితే చెయ్యి కాలుతుంది. నీడన చల్లారనివ్వకుండా ఛార్జింగ్ పెడితే సెల్లు ఉబ్బి, మొత్తం బ్యాటరీయే పనికిరాకుండా పోతుంది. పని లేని నెలల్లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలిపి దాచాలి, 4.2 దాకా నింపి అలమరలో పెట్టకూడదు. ఇక్కడి బోరునీటిలో ఉప్పు ఎక్కువ కావడంతో జాలీ మీద తెల్లటి పొర కడుతుంది, నాజిల్ నుంచి విసనకర్రలా విచ్చుకోవలసిన తుంపర ఒక పక్కకే వాలుతుంది. అందుకే ప్రతి పూటా చివర్లో ట్యాంకును మంచినీటితో కడిగి, నాజిళ్లు విప్పి మెత్తటి బ్రష్షుతో తుడుస్తాము.

గాలిమరలు వెలసిన ప్రాంతం మాది. జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దెక్కిన తర్వాత ఎగరేస్తే మందు పక్క చేలో పడుతుంది, ఆ పక్క చేను మల్బరీ అయితే పట్టుపురుగులు చనిపోతాయి. కాబట్టి గాలి లేవకముందే, తెల్లవారుజామునే పని పెట్టుకోవాలి. అడ్డంకులను గుర్తించే సెన్సార్లు సన్నటి కరెంటు తీగలను అన్నిసార్లూ పసిగట్టలేవు. చేనంతా ఒకసారి నడిచి చూశాకే ఎగరేయాలి.

నిబంధనలు కష్టమైనవేమీ కావు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల వరకు బరువుండే ఈ తరగతికి విశిష్ట గుర్తింపు సంఖ్య, నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండినవారు శిక్షణ తీసుకోవచ్చు. ఓర్వకల్లు వంటి విమానాశ్రయం సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపు పొలాలున్నవారు మాత్రం ముందుగా అనుమతి పొందాలి.

కొనదలచినవారు యంత్రం ధరతో పాటు అదనపు బ్యాటరీ జతలు, జనరేటరు, మందు కలిపి అందించే రెండో మనిషి కూలీ కూడా లెక్క వేసుకోవాలి. నాలుగైదు ఎకరాల రైతుకు డ్రోన్‌ను బాడుగకు పిలిపించుకోవడమే లాభం.