సిగరెట్ కార్డులు: సైకిళ్లు కొనండి, పక్షిని వదిలేయండి

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ దాటి సందులోకి తిరిగితే, పాత నాణేలు, స్టాంపులు అమ్మే ఇరుకైన దుకాణం ఒకటి ఉంది. సిగరెట్ కార్డులు, అంటే ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన చిన్న బొమ్మల కార్డులు కూడా ఉన్నాయంటే వెళ్లాను. ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేసి రిటైరైనవాణ్ణి. పొగతాగే అలవాటు లేదు గానీ, రంగుల అచ్చు కనబడితే కాళ్లు కదలవు.

కొనదగ్గవి బ్రిటన్ సిగరెట్ కంపెనీ జాన్ ప్లేయర్ 1939లో వేసిన 'సైక్లింగ్' కార్డులు. పూర్తి సెట్టు 50; ఇక్కడ దొరికేవి విడి కార్డులే, ఒక్కోటి 120 రూపాయలు. అగ్గిపెట్టె వెడల్పు, దానికంటే కాస్త పొడుగు. వెనుక జిగురు పూత ఉంటుంది. తడిచేసి, కంపెనీ ఒక పెన్నీకి అమ్మే ఆల్బమ్‌లో అంటించుకునేవారట. ఎవరూ అంటించలేదు కనుకే వెనుక రాత చక్కగా చదవగలుగుతున్నాం. మరుసటి ఏడాది యుద్ధంతో కాగితానికి కరువొచ్చి బ్రిటన్‌లో ఈ కార్డులే ఆగిపోయాయి.

గాజు పెట్టెలో లైటు కింద పెట్టిన పక్షి కార్డు సంగతి వేరు. అలెన్ అండ్ గింటర్, 'బర్డ్స్ ఆఫ్ అమెరికా', 1888 అని చీటీ, ధర 4,000. మెత్తని సిగరెట్ పొట్లం నలగకుండా పెట్టే అట్టముక్కనే ప్రకటనగా మార్చిన అమెరికా కంపెనీల్లో అదొకటి. అప్పట్లో బొమ్మల్ని రాతి పలకల మీద నుంచి అచ్చు వేసేవారు, రంగుకో రాయి. ఒక్కో రాయి మీద చేత్తో చుక్కలు పెట్టి, ఒకదానిపై ఒకటి అచ్చు వేస్తే రెక్కలకు ఆ నిగారింపు వచ్చేది. భూతద్దంలో ఆ చుక్కలు చిన్నా పెద్దా, అడ్డదిడ్డంగా కనిపించాలి. నాకు కనిపించినవి మేము రోజూ వేసిన నాలుగు రంగుల చుక్కలు, వరుస తప్పకుండా చిన్న చిన్న పూలలా. కాగితం కూడా మరీ తెల్లగా ఉంది.

"సార్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన సరుకు" అన్నారు యజమాని. కావచ్చు. నకలు అని చీటీ మీద రాసి 100 రూపాయలకు అమ్మితే నేనే కొనేవాణ్ణి, బొమ్మ అంత బాగుంది.

చార్మినార్ సిగరెట్ల ఖాళీ పెట్టెలూ ఉన్నాయి, వాటి ధర అడగలేదు. బేరమాడితే సైకిల్ కార్డుకు 20 రూపాయలు తగ్గిస్తారు. లోపల వెలుతురు చాలదు. కార్డు గుమ్మం దాకా తెచ్చి చూస్తానంటే కాదనరు.