క్రూగర్ క్యాంపు గదులు: వండుకుని తినే మనవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌లోనో ప్రిటోరియాలోనో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి తిరుపతి, చిత్తూరు నుంచి అమ్మానాన్నలు వెళ్తే, శని ఆదివారాలకు మొదట తట్టేది అక్కడి వన్యప్రాణుల అడవి, క్రూగర్ నేషనల్ పార్కే. తేడా అంతా ఎక్కడ దిగుతామన్న దగ్గర వస్తుంది. చుట్టుపక్కల ఖరీదైన ప్రైవేటు లాడ్జీల్లో భోజనం, జీపు, గైడు అన్నీ కలిపి ఒకే రేటు కడతారు. మాంసం ముట్టని పెద్దవాళ్లకు ఆ భోజనం డబ్బు దండగ. ప్రభుత్వ సంస్థ శాన్‌పార్క్స్ పార్కు లోపలే నడిపే క్యాంపుల్లో వంట సౌకర్యమున్న బంగళా తీసుకుని, సొంత కారులో తిరగడమే మనకు కుదిరే పద్ధతి. కాకపోతే గదిని కాదు, స్టవ్వును చూసి బుక్ చేసుకోవాలి.

క్యాంపుల్లో చవక గుడిసెలకు వంటగది, బాత్‌రూమ్ ఉమ్మడి. బంగళాల్లో బాత్‌రూమ్ లోపలే ఉంటుంది, చాలావాటికి చిన్న వంటగట్టు కూడా ఉంటుంది. కానీ కొన్నింట్లో స్టవ్వు, ఫ్రిజ్ ఇచ్చి గిన్నెలు, స్పూన్లు ఇవ్వరు. ఆ వివరం బుకింగ్ పేజీలో గది వర్ణన కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫొటో చూసి డబ్బు కట్టేస్తే అక్కడికి పోయాక గరిటె కూడా దొరకదు.

స్టవ్వు సాధారణంగా రెండు ప్లేట్ల కరెంటుది. నిదానంగా వేడెక్కుతుంది, ఆపాక ఇంకా నిదానంగా చల్లారుతుంది. గ్యాసుకు అలవాటుపడ్డ చేయి ఇక్కడే మోసపోతుంది. స్విచ్చి ఆపేశాం కదా అని కుక్కర్‌ను అక్కడే వదిలేస్తే ప్లేటులో మిగిలిన వేడికి మళ్లీ విజిల్ వస్తుంది, పప్పు అడుగంటుతుంది. ఆపిన వెంటనే పక్కకు దించాలి. అడుగు సొట్టపోయిన పాత కుక్కర్ ప్లేటుకు ఆనదు, ఎంతసేపున్నా ఆవిరి పట్టదు. అడుగు చదునుగా, మందంగా ఉన్న మూడు లీటర్లది ముగ్గురు నలుగురికి చాలు.

విజిల్స్ లెక్క కూడా మారుతుంది. జొహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి దాదాపు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మన ఇంట్లో నాలుగు విజిల్స్‌కు మెత్తబడే కందిపప్పు అక్కడ పలుకుగా మిగులుతుంది, ఒకటి రెండు ఎక్కువ పెట్టాలి. క్రూగర్‌లోని స్కుకూజా క్యాంపు 300 మీటర్ల లోపే కాబట్టి అక్కడ మళ్లీ తిరుపతి లెక్కే సరి.

ప్లగ్గుల సంగతి తెలిస్తే అడాప్టర్ల ఖర్చు తప్పుతుంది. దక్షిణాఫ్రికా గోడ సాకెట్లలో ఎక్కువ భాగం మూడు లావు గుండ్రటి పిన్నులవి. మనం గీజరుకు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు అందులో చక్కగా కూర్చుంటుంది. మిక్సీకుండే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు కూర్చోదు. 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్ మనవే, ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లేదు. 16 ఆంపియర్ల ప్లగ్గు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి ఊరి నుంచే పట్టుకెళ్తే మిక్సీకి, చార్జర్లకు సరిపోతుంది. దాని 6 ఆంపియర్ల సాకెట్లో ఇండక్షన్ స్టవ్వు మాత్రం పెట్టొద్దు. 2,000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, సాకెట్ కరిగిపోతుంది.

ఫ్రిజ్ చాలాచోట్ల వరండాలో ఉంటుంది. తిరుమల కోతులతో వేగినవాళ్లు కూడా ఇక్కడి బబూన్ అనే పెద్ద కోతులను తక్కువగా అంచనా వేయకూడదు, తలుపు లాగి తీసేస్తాయి. అందుకే ఫ్రిజ్‌కు గొళ్లెమో పంజరమో పెడతారు, లేదా తలుపు గోడవైపు తిప్పి ఉంచుతారు. వాడుకోవడానికి ఇబ్బందిగా ఉందని దాన్ని ఇటు తిప్పుకుంటే పెరుగు డబ్బాతో సహా పోతుంది.

సరుకులు బయల్దేరే ముందే జొహానెస్‌బర్గ్ ఫోర్డ్స్‌బర్గ్‌లోనో ప్రిటోరియా లాడియమ్‌లోనో కొనుక్కోవాలి. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పాల పదార్థాలు పర్మిట్ లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు, పెట్టెలో కుక్కితే ఎయిర్‌పోర్టులోనే తీసి పారేస్తారు. అక్కడి భారతీయ కొట్లలో 'ఆయిల్ ధల్' అని అమ్మేది నూనె పట్టించిన కందిపప్పు. వేడినీళ్లతో రెండుసార్లు కడిగితేగానీ జిడ్డు వదలదు. క్యాంపు కొట్లో మనకు పనికొచ్చేవి తెల్ల మొక్కజొన్న పిండి, ఉల్లిపాయలు, బ్రెడ్డు, పాలు. ఆ పిండిని గట్టిగా కెలికితే వచ్చే పాప్‌కు రాగి రుచి లేకపోయినా సంగటి ముద్ద వాటం ఉంటుంది, చెనక్కాయల పొడితో బాగానే దిగుతుంది. అమాసి అనే పులిసిన పాలు అన్నంలోకి మజ్జిగలా కలుపుకోవచ్చు. తోడుకు మాత్రం వాడొద్దు. అందులోని బ్యాక్టీరియా తక్కువ వేడిలో పెరిగే రకం, మన పెరుగులా గట్టిగా తోడుకోదు. తోడుకు ప్లెయిన్ యోగర్టే నయం.

ఇక దారి. జొహానెస్‌బర్గ్ నుంచి ఎన్4 హైవే మీద పార్కు మలెలేన్ గేటు 400 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ, ఐదు గంటల ప్రయాణం. శుక్రవారం ఆఫీసయ్యాక బయల్దేరితే గేటు మూసేలోపు చేరడం అసాధ్యం. అక్కడ శీతకాలమైన జూన్, జూలైల్లో సాయంత్రం ఐదున్నరకే మూసేస్తారు. చీకట్లో ఆ రోడ్డు మీద పోవడం కంటే, శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే బయల్దేరడం మేలు. లోపల తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లే వేగం. తిరుమల ఘాట్ రోడ్డులో వేగం పెంచకుండా ఇచ్చే అలిపిరి టైము చీటీకి అలవాటైన డ్రైవర్లకు ఈ నియమం కష్టమేమీ కాదు. స్కుకూజా నుంచి లోయర్ సబీ క్యాంపు 45 కిలోమీటర్లే అయినా ఆగుతూ చూస్తూ పోతే సగం పూట పడుతుంది. రెండు రాత్రులకు పోయేవాళ్లు క్యాంపు మార్చకుండా లోయర్ సబీలోనే ఉండటం మంచిది. నది పక్కనే, సన్‌సెట్ డ్యామ్ కూతవేటు దూరం. స్కుకూజా పెద్దది, సౌకర్యాలెక్కువ, సందడీ ఎక్కువే.

గది అద్దె కాక మనిషికి రోజువారీ ప్రవేశ రుసుము వేరు. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు విదేశీ రేటు పడుతుంది, స్థానికుల రేటుకు దాదాపు నాలుగు రెట్లు. వర్క్ పర్మిట్ మీదున్నవాళ్లు తమకు ఏ రేటు పడుతుందో, ఏ కాగితం చూపాలో ముందే మెయిల్లో అడిగి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోవాలి. చీకటి పడ్డాక సొంత బండ్లు తిరగకూడదు కాబట్టి సాయంత్రం క్యాంపువాళ్ల బండికి డబ్బు పెట్టడం న్యాయమే, అయితే ఆరేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకోరు. జూన్ నుంచి ఆగస్టు దాకా గడ్డి ఎండిపోయి జంతువులు బాగా కనిపిస్తాయి, తెల్లారి చలికి మాత్రం స్వెట్టరు తప్పనిసరి. తిరుపతి జూ సఫారీలోలాగా సింహం కనపడి తీరుతుందన్న హామీ ఏ కాలంలోనూ లేదు.

పలమనేరు, కుప్పం వైపువాళ్లకు ఏనుగు భయం నేర్పక్కర్లేదు. ఒక్క తేడా: ఇక్కడ ఆడ ఏనుగులకూ దంతాలుంటాయి, దంతం చూసి మగదని లెక్క కట్టొద్దు. కణతల నుంచి మదజలం కారుతూ, వెనక కాళ్లు మూత్రంతో తడిసి ఉంటే అది మదమెక్కిన మగది. ఇంజన్ ఆపకుండా, హారన్ కొట్టకుండా నిదానంగా వెనక్కి పోవాలి. అలా వెనక్కి పోయే చోటుండాలి కాబట్టే మలుపుల్లో వెనక కారుకు ఆనించి ఆపకూడదు.

క్రూగర్ మలేరియా ప్రాంతం, సెప్టెంబరు నుంచి మే దాకా ముప్పు ఎక్కువ. మాత్రలు డాక్టరునడిగి వెళ్లకముందే మొదలుపెట్టాలి, వచ్చాక కూడా చెప్పినన్నాళ్లు వేసుకోవాలి. చాలామంది ఆ చివరి భాగమే ఎగ్గొడతారు. ఊరికి తిరిగొచ్చిన నెలా రెండు నెలల్లో జ్వరం వస్తే, తిరుపతి రుయా ఆసుపత్రికి పోయినా వీధి చివర క్లినిక్‌కు పోయినా, దక్షిణాఫ్రికా అడవి నుంచి వచ్చామన్న మాట మొదటే చెప్పి ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.