టడలాఫిల్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

షుగరు ఉన్న మగవాళ్లలో అంగస్తంభన లోపం తరచుగా కనిపిస్తుంది. నాకూ అలాగే వచ్చింది. యూరాలజిస్టు మొదట సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు రాశారు, కొంతకాలానికి టడలాఫిల్‌కు మార్చారు. రెండూ బాగానే పనిచేశాయి. ఇప్పటికీ వాడుతున్నది మాత్రం టడలాఫిలే.

ఈ మాత్రలు కోరికను పుట్టించవు. మనసు స్పందించినప్పుడు అంగంలోని నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది. దానివల్ల సీజీఎంపీ అనే పదార్థం తయారై రక్తనాళాలను వదులు చేస్తుంది, రక్తం నిండుతుంది. ఆ సీజీఎంపీని పీడీఈ5 అనే ఎంజైమ్ కరిగించేస్తుంటుంది. మాత్ర ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. స్పందనే లేనప్పుడు మాత్ర చేయగలిగింది ఏమీ లేదు.

సిల్డెనాఫిల్‌ను గంట ముందు వేసుకోవాలి. దాని ప్రభావం నాలుగైదు గంటలు. కొవ్వు ఎక్కువున్న భోజనం చేస్తే ఆలస్యంగా పనిచేస్తుంది. హైదరాబాద్ పెళ్లి విందులో మటన్ బిర్యానీ, డబుల్ కా మీఠా తిని ఇంటికొచ్చిన రాత్రి ఆ సంగతి బాగా తెలిసేది. వేసుకున్న కాసేపటికి చెవి తమ్మెలు వేడెక్కేవి, ముక్కు దిబ్బడ వేసేది.

టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు. ఒక మాత్ర ప్రభావం 36 గంటల దాకా ఉండవచ్చు. నేను రోజూ 5 మిల్లీగ్రాములు ఒకే వేళకు వేసుకుంటాను. గడియారం చూసుకునే అవసరం పోయింది. మా ఆవిడకు, నాకు అన్నిటికన్నా ఊరటనిచ్చింది అదే. మొదట్లో నడుము, తొడల కండరాలు నొప్పి పెట్టేవి, తర్వాత తగ్గాయి. ఏ మాత్రతోనైనా స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు నేను గట్టిగా చెప్పదలచుకున్నది గుండె గురించి. సిల్డెనాఫిల్‌ను మొదట పరిశోధించింది గుండెనొప్పికే. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం అంగస్తంభనకు. ఇవి రక్తనాళాల మందులు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సోర్బిట్రేట్ వంటి నైట్రేట్లు వాడేవాళ్లు వీటిని అసలు ముట్టకూడదు, బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. టడలాఫిల్ వేసుకున్నాక కనీసం 48 గంటల వరకు నైట్రేటు వాడకూడదు. ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వెళితే ఈ మాత్ర సంగతి దాచకుండా చెప్పాలి. ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వంటివి వాడుతుంటే అదీ డాక్టరుకు తెలియాలి. అంగంలోని ధమనులు గుండె ధమనులకన్నా సన్నవి కాబట్టి పూడిక లక్షణాలు ముందు అక్కడే బయటపడవచ్చు. అందుకే మా డాక్టరు మందు రాసే ముందు బీపీ, షుగరు, కొలెస్టరాల్ చూసి ఈసీజీ తీయించారు. ఆ పరీక్షలు నాకు మాత్రకన్నా తక్కువ మేలేమీ చేయలేదు.

మన నగరంలో మందుల షాపులో అడగడానికి సిగ్గుపడి, రోడ్డు పక్క గుడారాల్లో మూలికల పొడి కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లను తలచుకుంటే నాకు భయమేస్తుంది. ఇలాంటి మూలికా మందుల్లో సిల్డెనాఫిల్ కలిపి అమ్మిన ఉదంతాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. సోర్బిట్రేట్ జేబులో పెట్టుకుని తిరిగే పెద్దాయనకు ఆ పొడిలో ఏముందో చెప్పేవాళ్లు ఉండరు. యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి, రోజూ వాడే మందుల చీటీలన్నీ వెంట పట్టుకెళ్లండి.