ఒసాకాలో మోసపోయిన బస, మనసు నింపిన హరుకాస్

పెద్దవాళ్లతో ఒసాకా వెళ్తుంటే ఫొటోలు చూసి అపార్ట్‌మెంట్ గది మాత్రం బుక్ చెయ్యకండి. 2019 ఏప్రిల్‌లో నేను, మా ఆవిడ, అత్తయ్యగారు కలిసి వెళ్లాం. తెన్నోజి స్టేషన్‌కి దగ్గర, లిఫ్టు ఉంది, ముగ్గురికి మంచాలున్నాయి అని రాసి ఉంటే మూడు రాత్రులకి 27,000 యెన్లు, అంటే సుమారు 17,000 రూపాయలు ముందే కట్టేశాను.

కన్సాయ్ విమానాశ్రయం నుంచి తెన్నోజికి రాపిడ్ రైలు టికెట్ అప్పట్లో మనిషికి 1,060 యెన్లు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. తీరా చూస్తే గది నాలుగో అంతస్తులో, లిఫ్టు పక్క బిల్డింగులో! అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకి చేరేసరికి ఆవిడ ముఖం వాడిపోయింది. లోపల ఒక మంచం, నేలమీద ఒక పలుచటి పరుపు, కర్టెన్ల నిండా సిగరెట్ కంపు. మూడో పరుపు సంగతి అడిగితే ఇంటాయన దానికి జవాబివ్వకుండా, శుభ్రం చేసినందుకు ఇంకో 4,000 యెన్లు నగదుగా టేబుల్ మీద పెట్టమని మెసేజ్ పంపాడు. బుకింగ్ కాగితంలో ఆ మాటే లేదు. అయినా రాత్రిపూట పెద్దావిడతో ఎక్కడికి వెళ్తాం? కట్టాను. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు క్యోటో హాయిగా చూసి వచ్చాం. మూడో రోజు మా ఆవిడ తేల్చి చెప్పేసింది: "నిద్రకి తప్ప ఆ గదికి రాను." అలా తెన్నోజి స్టేషన్ ఎదురుగా ఉన్న అబెనో హరుకాస్ అనే ఆకాశహర్మ్యంలో పడ్డాం.

300 మీటర్లు, 60 అంతస్తులు. 2014 మార్చిలో పూర్తిగా తెరిచారు. యొకొహామా లాండ్‌మార్క్ టవర్‌ని 4 మీటర్లు దాటి, 2023 దాకా జపాన్‌లో అన్నిటికన్నా ఎత్తయిన భవనం ఇదే. కింద కింతెత్సు అనే ప్రైవేటు కంపెనీ రైళ్ల స్టేషన్, దాని మీద డిపార్ట్‌మెంట్ స్టోర్, 16లో ఆర్ట్ మ్యూజియం, ఆపైన ఆఫీసులు, 38 నుంచి హోటల్, చివరి మూడంతస్తులు నగరం చూడటానికి. ఒక ఊరిని నిలబెట్టినట్టుంది. అన్నిటికీ లిఫ్టులున్నాయని మొదట గమనించింది అత్తయ్యగారే.

16వ అంతస్తులో ఆరుబయట తోట ఉంది, దానికి టికెట్ లేదు. చెట్లు, బల్లలు, చల్లగాలి. "కాసేపు ఇక్కడే కూర్చుందామే," అని కూతురితో అన్నారు. రెండు రోజుల్లో ఆవిడ నోరు విప్పి అడిగింది అదొక్కటే. గంటన్నర కూర్చున్నాం.

పైకి టికెట్ అప్పట్లో పెద్దలకి 1,500 యెన్లు. ముగ్గురికి 4,500 ఎక్కువే అనిపించింది, కానీ నాకు బాధ లేదు. సాయంత్రం ఐదున్నరకి ఎక్కండి. వెలుగులోనూ చూస్తారు, దీపాలు వెలిగాకా చూస్తారు. 60లో నాలుగు వైపులా అద్దాలే. షితెన్నోజి ఆలయ గోపురం, త్సూతెంకాకు టవర్ బొమ్మల్లా కనిపిస్తాయి, తూర్పున ఇకోమా కొండలు. 58లో పైకప్పు లేని చెక్క వేదిక ఉంది, ఆకాశం కింద కూర్చోవచ్చు. చీకటి పడేదాకా మమ్మల్ని ఎవరూ లేవమనలేదు.

అసలు నా మనసు దోచింది మాత్రం నేలకింద ఉన్న తిండి అంగళ్లు. అత్తయ్యగారు చేప, గుడ్డు కూడా ముట్టరు. జపాన్‌లో కూరగాయల వంటల్లోనూ చేప ఉడికించిన నీళ్లు పోస్తారు, కంటికి కనబడవు. ఒక కౌంటర్లో కూరల డబ్బా చూపించి, ఫోన్లో అనువాదం పెట్టి అడిగాను. అమ్మే అమ్మాయి డబ్బా మీది వివరాలు చదివి, తల అడ్డంగా ఊపి, కాగితం మీద చిన్న చేప బొమ్మ గీసింది. తన బేరం పోయినా సరే, కౌంటర్ పక్కవాళ్లకి అప్పజెప్పి మమ్మల్ని ఇంకో అంగడికి తీసుకెళ్లింది. అక్కడివాళ్లతో మాట్లాడి, ఎర్ర చిక్కుళ్లు వేసి వండిన జిగురన్నం చూపించింది. దాన్ని సెకిహాన్ అంటారు. ఇందులో బియ్యం, చిక్కుళ్లు, ఉప్పు, పైన నువ్వులు, అంతేనని వేళ్లు మడిచి చెప్పింది. డబ్బా 432 యెన్లు. మా మాట అర్థంకాని మనిషి మా ఇంటి పెద్దావిడ నియమాన్ని అంతగా పట్టించుకుంటే నా కళ్లు చెమర్చాయి.

ఆ రాత్రి గదిలో, ఆ పలుచటి పరుపు మీదే కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన ఆవకాయతో అత్తయ్యగారు డబ్బా మొత్తం తిన్నారు. "అలసందలేసిన పులగంలా ఉంది బాబూ," అన్నారు.

తెన్నోజి చుట్టుపక్కల మామూలు హోటళ్లు చాలా ఉన్నాయి. మనిషికి రెండు మూడు వేల యెన్లు ఎక్కువైనా వాటిలోనే దిగండి, లిఫ్టు ఏ బిల్డింగులో ఉందో రాతపూర్వకంగా అడగండి. మేం చివరిరోజు పదింటికి గది ఖాళీ చేసి, స్టేషన్ లాకర్లో 700 యెన్లకి పెట్టెలు పెట్టి, మళ్లీ 16వ అంతస్తు తోటకే వెళ్లాం. విమానానికి బయల్దేరేముందు అత్తయ్యగారు తన పర్సు తీసి 1,728 యెన్లు నా చేతిలో పెట్టారు. నాలుగు డబ్బాలు కావాలట, ఆ అమ్మాయి కనిపిస్తే నమస్కారం చెప్పమన్నారు.