పసుపు పట్టే కార్డు: తొమ్మిది పెళ్లిళ్ల శుభలేఖల మీద మా మాట

2015 నుంచి ఇంట్లోవీ చుట్టాలవీ కలిపి తొమ్మిది పెళ్లిళ్లకు కోనసీమలోనూ భీమవరం వైపూ శుభలేఖలు కొట్టించాం. వాడినవి మూడు రకాలు. రంగుల బొమ్మలతో నిగనిగలాడే లామినేషన్ కార్డు ఒకటి. శివకాశి నుంచి ఖాళీగా వచ్చే మడత కార్డు కొని, మేటర్ మాత్రం ఇక్కడ స్క్రీన్ ప్రింటింగ్ (చట్రానికి బిగించిన జాలీ తెర మీదుగా సిరా అద్దడం) చేయించేది రెండోది. బంగారు రంగు ఎక్కువగా ఉండే పెట్టె కార్డు మూడోది. మా ఓటు రెండోదానికే, అదీ 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేది), పైన ఏ పూతా లేని కాగితమైతేనే.

ఎందుకంటే మన దగ్గర కార్డుకు నాలుగు మూలలా పసుపు పెట్టాలి. లామినేషన్ మీద తడి పసుపు నిలవదు, ముత్యంలా జారి పక్కకి పోతుంది. ఆరాక పెచ్చులుగా రాలి, కట్టలో కింది కార్డుల మీద మరకలు చేస్తుంది. పూత లేని కాగితం పసుపును పీల్చుకుని పట్టి ఉంచుతుంది. నీళ్లు తక్కువ పోసి గట్టిగా కలపాలి, పలచనైతే మూల ఉబ్బుతుంది. పసుపు పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టాలి, లేకపోతే మూడు రోజుల్లో బూజు వాసన వస్తుంది.

తేమ మన డెల్టాలో రెండో పరీక్ష. ఒకవైపే లామినేషన్ ఉన్న కార్డు వానాకాలంలో దోనెలా వంకర తిరుగుతుంది. కాగితం తేమ తాగి సాగుతుంది, ప్లాస్టిక్ పొర సాగదు, అందుకే కార్డు పొర ఉన్న వైపుకి వంగుతుంది. ఆషాఢం దాటగానే శ్రావణం ముహూర్తాల కోసం అచ్చు వేయించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. స్క్రీన్ సిరా కూడా ఆ రోజుల్లో ఆలస్యంగా ఆరుతుంది, తొందరపడి దొంతర్లు పేరిస్తే ఒకదాని అక్షరాలు ఇంకోదాని వీపుకి అంటుకుంటాయి. ఒక రోజు అదనంగా ఇవ్వండి. కవర్ల గమ్ము తేమకి దానంతటదే అతుక్కుపోతుంది, వాడేదాకా పాలిథిన్ సంచిలోంచి తీయకండి.

బంగారు రంగు గురించి షాపులో ఎవరూ చెప్పనిది ఒకటుంది. వేడితో అద్దే ఫాయిల్ (మెరిసే పలచటి పొర) వేరు, బంగారు సిరా వేరు. ఆ సిరాలో ఉండేది రాగి, జింకు కలిసిన పొడి, గాలి తగిలి కొన్నేళ్లకు నల్లబడుతుంది. బీరువాలో దాచిన 2016 కార్డు మీద వినాయకుడి కిరీటం గోధుమ రంగుకు తిరిగింది. ఆ పక్క ఏడాది ఫాయిల్ కార్డు ఇప్పటికీ అలాగే ఉంది. దాచుకునే ఉద్దేశం ఉంటే వినాయకుడికీ పేర్లకీ మాత్రం ఫాయిల్ చెప్పండి, మిగతాదంతా ముదురు మెరూన్ సిరా చాలు.

ఇక మేటర్. డబ్బు మిగిల్చి సమయం ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. మనం ఫోన్‌లో టైపు చేసి పంపేది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో వాడేది పాత అను ఫాంట్లు. రెండింటిలో అక్షరాల లోపలి కోడ్ వేరు కాబట్టి నేరుగా అతికిస్తే అక్షరాలు చెదురుతాయి, అందుకని ఆపరేటర్ మళ్లీ టైపు చేస్తాడు, తప్పులు పుట్టేది అప్పుడే. ఎక్కువగా దెబ్బతినేది థ, ధ. చిన్న సైజులో అచ్చు వేస్తే థ లోపలి చుక్క సిరాతో పూడిపోయి, విశ్వనాథం కాస్తా విశ్వనాధం అవుతుంది. బంధువుల పేర్ల వరుసలో అక్షరం సైజు 10 పాయింట్లకి తగ్గనివ్వకండి. ప్రూఫ్ ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే సరిపోదు, అసలు సైజులో కాగితం మీద తీయించి, రెండు వైపుల నుంచీ ఒక్కొక్క పెద్దవాళ్ల చేత బిగ్గరగా చదివించండి. ఇంటిపేర్లు, వరుసలు, ఎవరి పేరు ముందన్నది అప్పుడే తేలుతుంది.

ప్రెస్సులో పాత పెళ్లి ఫైలు మీదే కొత్త పేర్లు ఎక్కిస్తారు. అందువల్ల సంవత్సరం పేరు పాతదే మిగిలిపోతుంది. 2026 మార్చి 19 ఉగాదితో విశ్వావసు వెళ్లి పరాభవ వచ్చింది, ఆ మార్పు మీరే సరిచూడాలి. జిల్లా కూడా అంతే. 2022 ఏప్రిల్ 4 నుంచి అమలాపురం కోనసీమ జిల్లాలో ఉంది, కార్డుల మీద ఇంకా తూ.గో. జిల్లా అని పడుతూనే ఉంది.

అన్నిటికన్నా ప్రమాదం అర్ధరాత్రి దాటిన ముహూర్తం. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలు, ఇంగ్లిషు తేదీ రాత్రి 12కే మారుతుంది. శనివారం రాత్రి 2.14కి ముహూర్తమైతే వారం శనివారమే, తేదీ మాత్రం ఆదివారానిది. వారం ఒకటీ తేదీ ఒకటీ కనిపించి చుట్టాలు మర్నాడు రాత్రి దిగుతారు. "శనివారం రాత్రి 2.14 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని పూర్తిగా వేయించండి. విందు ఏ పూటో దాని కింద వేరే వరుసలో ఉండాలి.

దారి కోసం వేసే క్యూఆర్ కోడ్ 2 సెంటీమీటర్లకి తగ్గకూడదు, తెల్ల నేల మీద నల్ల సిరాయే కావాలి. ఫాయిల్‌తో వేస్తే మెరుపుకి ఫోను చదవదు. కాలువకి ఏ గట్టున మండపం ఉందో మాటల్లో కూడా రాయండి. రాజోలు వైపు రాత్రి పెళ్లికి నరసాపురం నుంచి వచ్చేవాళ్లకి "చించినాడ వంతెన మీదుగా" అన్న ముక్క చాలా మేలు చేస్తుంది, గోదావరి దాటించే పంటు రాత్రంతా ఉండదు కదా.

లెక్క మనుషులతో కాదు, గడపలతో వేయండి. దాని మీద పదో వంతు అదనం, కవర్లు ఇంకో పాతిక. తర్వాత యాభై కావాలన్నా మళ్లీ స్క్రీన్ కట్టాల్సిందే, ఖర్చు దాదాపు వందకయ్యేదే. పోస్టులో పంపేవాటికి తూకం చూడండి: 7 బై 5 అంగుళాల మడత కార్డు 300 జీఎస్ఎంలో సుమారు 14 గ్రాములు, మందపాటి కవరు మరో 6. లోపల ఇంకో కాగితం పెడితే 20 గ్రాములు దాటి స్టాంపు పెరుగుతుంది. పేరు రాసే కవరు నునుపుగా ఉంటే బాల్ పెన్ను జారుతుంది, జెల్ పెన్ను అలుక్కుంటుంది. ఒక ఖాళీ కవరు షాపులోనే అడిగి తీసుకుని, "శ్రీ... గారు" అని రాసి, బొటనవేలితో రుద్ది చూశాకే కట్టలు కట్టించండి.