నీలకురింజి కోసం కొండెక్కేముందు: మున్నార్, వట్టవడ, కొలుక్కుమలై, చిక్కమగళూరు

ఏటా వర్షాకాలం చివర్లో ‘పన్నెండేళ్ళకోసారి పూసే పువ్వు పూసింది’ అనే వార్త ఫోన్లలో తిరుగుతుంది. అది అబద్ధం కాదు. అలాగని దాన్ని నమ్మి మున్నార్‌కు టికెట్లు తీస్తే డబ్బు దండగ కావచ్చు. నీలకురింజి అన్ని కొండల మీదా ఒకే ఏడు పూయదు. మున్నార్ పరిసరాల్లో పెద్ద పూత 2006లో, 2018లో వచ్చింది, మళ్ళీ 2030లో రావాలి. మధ్యలో 2022లో అదే ఇడుక్కి జిల్లాలోని శాంతన్‌పార దగ్గరి కల్లిప్పారలోనూ, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లోనూ పూసింది, 2024లో నీలగిరులు పూశాయి. అందుకే వార్త చూడగానే ఏ కొండో, ఏ మొక్కో ముందు తేల్చుకోవాలి.

మొక్క సంగతి. ఇది మన పెరట్లో ఉండే కనకాంబరం, అడ్డసరం, నేలవేముల కుటుంబమే. ఎక్కువగా 1300 నుంచి 2400 మీటర్ల ఎత్తులో, చెట్లు లేని గడ్డివాలుల మీద 30–60 సెంటీమీటర్ల పొదగా పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా, అంచున రంపపు పళ్ళతో ఉంటాయి. పువ్వు చిన్న గంట. విచ్చినప్పుడు లేత నీలం, ముదిరేకొద్దీ ఊదా. మహారాష్ట్ర కొండల్లో ఎనిమిదేళ్ళకోసారి పూసే కర్వీని, కాస్ పీఠభూమి మీది టోప్లీ కర్వీని కూడా చాలామంది కురింజి అనే రాసేస్తారు. అవీ అందమైనవే, కానీ వేరే జాతులు. 2024లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం కురింజిని ముప్పున్న మొక్కల ఎర్ర జాబితాలో చేర్చింది. తేయాకు తోటలు, కలప తోటలు గడ్డివాలులను తినేయడమే ప్రధాన కారణం.

మున్నార్‌లో చూడాల్సింది ఎరవికులం జాతీయ వనం. 97 చదరపు కిలోమీటర్లలో రాజమల భాగం ఒక్కటే పర్యాటకులది. సొంత కారు ఐదో మైలు దగ్గర ఆపాలి, అక్కడి నుంచి అటవీశాఖ బస్సు పైకి తీసుకెళ్తుంది, తర్వాత తారు రోడ్డు మీద నడక. ముసలివాళ్ళూ నడవగలరు. టికెట్టు ఆన్‌లైన్లో మొదటి విడతకే తీసుకోండి. మధ్యాహ్నానికి మంచు దిగితే పది అడుగుల అవతల పువ్వు కనపడదు, ఆ డబ్బు ఎవరూ వెనక్కివ్వరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరయాడులు (నీలగిరి కొండమేకలు) ఈనే కాలమని వనం మూసేస్తారు. పూతకూ ఆ మూతకూ సంబంధం లేదు, పూత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా.

బస విషయంలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ‘మున్నార్ రిసార్టు’ అని కనిపించేవాటిలో చాలావరకు చిత్తిరపురం, పళ్ళివాసల్ వైపు ఉంటాయి. గదులు బాగుంటాయి గానీ పొద్దున్నే టౌన్ ట్రాఫిక్ దాటుకుని రావాలి, మొదటి బస్సు అందదు. కురింజి కోసమైతే టౌన్‌లోనే, లేదా వనానికి వెళ్ళే మరయూర్ రోడ్డు వైపు సాదా గది చాలు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు కేరళ ఆర్టీసీ 2020లో మున్నార్ డిపోలో మొదలుపెట్టిన పడక బస్సులున్నాయి, అవి కదలవు, డిపోలోనే ఆపి ఉంచిన బస్సుల్లో పడకలేశారు. అతి చవక, కానీ కుటుంబంతో వద్దు.

జనం రద్దీ పడనివాళ్ళు వట్టవడ వెళ్ళాలి. టౌన్ నుంచి 45 కిలోమీటర్లు, దారి పాంపాడుంషోల అడవిలోంచి. రాత్రి పూట ఆ దారి మూస్తారు కాబట్టి చీకటి పడకముందే గేటు దాటేయాలి. 2006లో ప్రకటించిన కురింజిమల అభయారణ్యం ఈ వైపే ఉంది. ఇళ్ళలో బస, వేడి అన్నం, వెల్లుల్లి పొలాలు బాగుంటాయి. అయితే ఎరవికులంలాగా బస్సు, రోడ్డు ఉండవు, పూత ఎక్కడుందో ఊరివాళ్ళనడిగి వాళ్ళతో నడవాల్సిందే.

తమిళనాడు సరిహద్దులోని తేయాకు కొండ కొలుక్కుమలైకి సూర్యనెల్లి ఊరి నుంచి జీపులోనే వెళ్ళాలి. సూర్యోదయం అద్భుతం, కుదుపులు ఘోరం. నడుం నొప్పి ఉన్నవాళ్ళకూ గర్భిణులకూ పనికిరాదు. జీపు బాడుగ మనిషికా, బండికా అని ఎక్కకముందే అడగండి.

అనంతపురం, కర్నూలు వైపు వాళ్ళకు చిక్కమగళూరే సులువు, బెంగళూరు మీదుగా ఒక్కరోజు ప్రయాణం. అక్కడి ముళ్ళయ్యనగిరి శిఖరం ఎక్కడానికి 2025 సెప్టెంబరు నుంచి ముందుగా ఆన్‌లైన్ బుకింగ్ కావాలి. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే సొంత వాహనాలకు 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి.

సికింద్రాబాద్, గుంటూరు వాళ్ళు శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆలువలో దిగితే మున్నార్‌కు సుమారు 110 కిలోమీటర్లు, పైకెళ్ళేకొద్దీ ఘాట్ రోడ్డు. కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక అది పనిచేయదు. వానల్లో గడ్డిలో జలగలుంటాయి. ప్యాంటు అంచును సాక్సుల్లోకి దోపి, వాటి మీద ఉప్పు నీళ్ళు చల్లుకోండి.

పొదల మధ్యకెళ్ళి ఫొటో దిగొద్దు. ఈ మొక్క బతుకులో ఒక్కసారే పూసి, గింజ రాల్చి చస్తుంది. గింజ పట్టకముందే తొక్కేసిన పొద నుంచి వచ్చే తరానికి ఏమీ మిగలదు. కోయడం వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా.

2030కి ఇప్పుడే అడ్వాన్సు అడిగేవాళ్ళకు కట్టకండి. 2018లో పూత మొదలయ్యే వేళకే వరదలొచ్చి మరయూర్ దారిలో పెరియవర వంతెన కొట్టుకుపోయింది. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదే తీసుకోండి, అదీ ఆగస్టులో వాన తీరు చూశాకే.