నెలకో సూదా, సీజన్‌కు ఒక్కటా? పసిబిడ్డ ఊపిరికి ఏది మేలు?

పోయిన కార్తీకంలో మా తమ్ముడి కూతురికి నెమ్ము చేసింది. 33వ వారానికే పుట్టిన బిడ్డ, అప్పటికి రెండు నెలలు. పాలు నాలుగు గుక్కలు తాగి వదిలేసేది, డొక్కలు ఎగరేసేది. ఆ ముసురులో ఉదయగిరి నుంచి నెల్లూరు చేరేసరికి తెల్లారింది. ఆర్‌ఎస్‌వీ అన్నారు. పెద్దవాళ్లకు జలుబుగా పోయే వైరస్సే, పసిపిల్లల్లో సన్నటి ఊపిరి గొట్టాలను వాపుతో, కఫంతో మూసేస్తుంది. ఆరు రోజులు ఆక్సిజన్ మీదే ఉంది.

"ముందే ఏదైనా సూది వేయించుకోవచ్చా వదినా?" అని మా మరదలు అడిగినప్పటి నుంచి దీని గురించి చదువుతున్నాను.

పాతది పాలివిజుమాబ్. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ వైరస్ ఎక్కువగా తిరిగే సీజన్‌లో నెలకోసారి, ఐదు డోసుల దాకా. 1,502 మంది పిల్లల మీద పరీక్షిస్తే ఆసుపత్రి పాలయ్యేవాళ్లు సగానికి పైగా తగ్గారు. మంచి మందే. కానీ ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. "నెలనెలా ఈ పసిదాన్ని ఎత్తుకుని, దగ్గేవాళ్ల మధ్య బస్సులో ఎట్టా వచ్చేది?" అంది మరదలు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కొత్తది నిర్సెవిమాబ్. పాతదానిలాగే ఇదీ తయారుగా ఉన్న యాంటీబాడీయే, అంటే వైరస్‌ను పట్టి అడ్డుకునే ప్రోటీన్. కాకపోతే దాని తోకలో మూడు చోట్ల మార్పు చేశారు. అందువల్ల ఒంట్లో త్వరగా కరిగిపోదు, సగానికి తగ్గడానికే 70 రోజులు పడుతుంది. ఒక్క సూది కనీసం ఐదు నెలలు కాపాడుతుంది. నన్ను ఒప్పించింది మాత్రం 29 నుంచి 34 వారాల మధ్య పుట్టిన 1,453 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష. అచ్చం మా బిడ్డలాంటి పిల్లలు. ఉత్తుత్తి సూది వేసిన వాళ్లలో 4.1 శాతం మంది ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరితే, మందు వేసిన వాళ్లలో 0.8 శాతం. పైగా కాన్పు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే వేసేయొచ్చు, మళ్లీ తిరిగే పని లేదు.

మూడోది గర్భిణికి వేసే టీకా. అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్య వేస్తున్నారు. బిడ్డకు సూది నొప్పి ఉండదు, పుట్టిన రోజు నుంచే రక్షణ. కానీ తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారై బిడ్డకు చేరడానికి రెండు వారాలైనా కావాలి. 33వ వారంలోనే పుట్టేసిన మా బిడ్డకు అది అందేది కాదు.

అందుకే నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు నా ఓటు ఒక్క సూదికే. నెలలు నిండేదాకా మోసే తల్లికైతే టీకా కూడా అంత మంచిదే.

మా చిన్న తమ్ముడి భార్యకు ఇప్పుడు ఏడో నెల. నిర్సెవిమాబ్, గర్భిణికి వేసే ఆర్‌ఎస్‌వీ టీకా, ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసిచ్చాను, ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మను అడగమని.